ఫొటో కింద పేరేదీ?

మదనపల్లె టమాటా, పుంగనూరు ఆవు, కుప్పం ఏనుగు... ఈ ప్రాంతం తరచూ జాతీయ వార్తల్లోకి ఎక్కుతుంది. ఇక్కడే పుట్టి పెరిగి, కెమెరా పట్టిన కుర్రకారు పేర్లు మాత్రం ఆ వార్తల కింద అరుదు. ఊరు వదలకుండానే ఫొటో జర్నలిస్టుగా ఆన్‌లైన్‌లో చిరునామా ఏర్పరచుకోవడం ఎలా?

2023 జులై చివరి రోజులు. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మార్కెట్ యార్డులో మేలు రకం టమాటా కిలో 200 రూపాయలకు చేరువైంది. ఏ చానల్ పెట్టినా టమాటా క్రేట్లే, ఏ పేపర్ తిప్పినా మదనపల్లె పేరే. కొద్ది వారాలు గడిచేసరికి ధర కుప్పకూలింది. రైతు మళ్లీ కూలి ఖర్చులు లెక్కపెట్టుకునే స్థితికి వచ్చాడు. ఆ సంగతి చూపించడానికి వచ్చిన కెమెరాలు తక్కువ.

అలాంటి వారంలో ఢిల్లీలోనో ముంబయిలోనో ఉన్న ఫొటో ఎడిటర్‌కు ఎవరు కావాలి? మదనపల్లెలోనే ఉండేవారు, కాయ దిగే వేళకు యార్డులో నిలబడగలిగేవారు, మండీ యజమానికీ హమాలీకీ ముఖ పరిచయం ఉన్నవారు. అలాంటివారు ఈ చుట్టుపక్కల లేక కాదు. మండల విలేకరులకు ఫొటోలు పంపేవారు, పెళ్లిళ్లు తీస్తూ సెలవు రోజు జాతరల వెంట తిరిగేవారు ఇక్కడ ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వెతికితే దొరకరు, అంతే.

ఆన్‌లైన్‌లో కనిపించడమంటే రోజుకో రీల్ పెట్టడమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. వార్తా ఫొటోల వైపు రావాలనుకునేవారి లెక్క వేరు. లైకులు కొట్టేవారు వేలల్లో ఉండొచ్చు కానీ, పని ఇచ్చేది మాత్రం రాత్రి పదింటికి పేజీ ముగించే హడావుడిలో ఉన్న ఒక డెస్కు మనిషి. ఆయనకో ఆమెకో మూడే సందేహాలు. ఈ ఫొటోగ్రాఫర్ ఎక్కడుంటారు? ఏం తీయగలరు? తీసింది నమ్మొచ్చా? రెండు నిమిషాల్లో ఈ మూడింటికీ జవాబు దొరికిందా, ఫోన్ మోగుతుంది.

ఎక్కడుంటారు?

ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ ప్రాంత కుర్రాళ్ల పరిచయ వాక్యాలు చూస్తే చాలావరకు ఒకేలా ఉంటాయి. ‘డ్రీమర్’, ‘ట్రావెలర్’, ‘లైఫ్ త్రూ లెన్స్’... ఊరి పేరు ఉండదు. ఉన్నా ‘ఇండియా’ అని ఉంటుంది. ఎడిటర్ వెతికేది మాత్రం ఊరి పేరుతోనే. ‘తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పనిచేసే ఫొటో జర్నలిస్టు. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడగలను’ అని తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి రాసుకుంటే, వెతికేవారి కంట పడే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మూడు భాషల ముచ్చట చిన్నదేమీ కాదు. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడంలోనూ ఆ సరిహద్దు ఆలోచన ఉంది. కుప్పంలో ఉన్న ఫొటోగ్రాఫర్‌కు చెన్నై పత్రికా దగ్గరే, బెంగళూరు పత్రికా దగ్గరే. రైలెక్కితే రెండు వైపులా పనే. ఆ సంగతి ప్రొఫైల్‌లో కనిపించాలిగా మరి.

రెండో చిక్కు పెళ్లిళ్లది. ఈ పట్టణాల్లో కెమెరా పట్టినవారికి అన్నం పెట్టేది ముహూర్తాలే. హార్సిలీహిల్స్ మలుపుల్లో ప్రీవెడ్డింగ్ షూట్లు తీసినవారే సాయంత్రానికి కరవు చేలను కూడా తీస్తారు. అందులో తప్పేం లేదు. ఆ రెండూ ఒకే ఖాతాలో పక్కపక్కన పడితేనే ఇబ్బంది. తలంబ్రాల ఫొటో పక్కన పంట నష్టం ఫొటో చూసిన ఎడిటర్‌కు ఈ మనిషి వృత్తి ఏమిటో అంతుపట్టదు. స్టూడియో పేరుతో ఒక ఖాతా, సొంత పేరుతో మరో ఖాతా ఉంటే గొడవే లేదు. సొంత పేరు ఖాతాలోకి వార్తా ఫొటోలు తప్ప ఇంకేవీ రాకూడదు.

ఇన్‌స్టాగ్రామ్ ఒక్కదాన్నే నమ్ముకోవడమూ ప్రమాదమే. ఖాతా హ్యాక్ అయినా, కంపెనీ పద్ధతి మార్చినా ఏళ్ల కష్టం ఒక్క రోజులో కనుమరుగవుతుంది. అందుకే సొంత పేరుతో ఒక వెబ్‌సైట్ ఉండాలి. దానికి పెద్ద హంగామా అక్కర్లేదు. డొమైన్ పేరుకు ఏడాదికి కొన్ని వందల రూపాయలవుతాయి. గూగుల్ సైట్స్ లాంటి ఉచిత సాధనాలతోనే మూడు పేజీలు కట్టేయొచ్చు: ఫొటోలు, పరిచయం, సంప్రదించే వివరాలు. పల్లెల్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్‌లో కూడా అది చప్పున తెరుచుకోవాలి. సంగీతం, ఎగిరే అక్షరాలు, స్వాగత వాక్యాలు అడ్డం తప్ప ఉపయోగం లేదు.

ఎడిటర్లు ప్రాంతాన్ని బట్టి ఫొటోగ్రాఫర్లను వెతుక్కునే జాబితాలు కూడా ఉన్నాయి. అమెరికన్ ఫొటో జర్నలిస్టు డానియెల్లా జాల్‌మన్ 2017లో మొదలుపెట్టిన ‘విమెన్ ఫొటోగ్రాఫ్’ అలాంటిదే. వివిధ దేశాల్లో పనిచేసే మహిళా ఫొటోగ్రాఫర్ల వివరాలు అందులో ఉంటాయి. మదనపల్లె నుంచి ఒక అమ్మాయి ఈ రంగంలోకి వస్తే తలుపు తట్టాల్సిన చోట్లలో అదొకటి.

ఏం తీయగలరు?

కొత్తవారు సాధారణంగా చేసేది తీసినవన్నీ పెట్టడం. సూర్యాస్తమయం, పిచ్చుక, వృద్ధురాలి ముడతలు, రాజకీయ సభ, హోలీ రంగులు... మూడొందల ఫొటోలు. చూసేవారికి పదో ఫొటో దగ్గరే విసుగు పుడుతుంది. పదిహేను, ఇరవై విడి ఫొటోలు, రెండు మూడు పూర్తి కథనాలు ఉంటే చాలు. కథనమంటే ఒకే విషయం మీద పది పన్నెండు ఫొటోలు, దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, మనుషుల ముఖాలు, చేతులు, పనిముట్లు, ఆ చోటు. ఒక్క మంచి ఫొటో అదృష్టం కొద్దీ పడొచ్చు. పన్నెండు పడ్డాయంటే మాత్రం అది పనితనమే.

ఊరు కదలకుండా పని చేయొచ్చా అనే ప్రశ్నకు జవాబు పక్కనే ఉంది. అనంతపురం కేంద్రంగా పనిచేసిన స్వతంత్ర జర్నలిస్టు రాహుల్ ఎం. 2017లో ‘పరి’ ఫెలో. పరి అంటే పాలగుమ్మి సాయినాథ్ 2014 డిసెంబరులో ప్రారంభించిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. రాయలసీమ ఇసుక మేటల మీద, వాతావరణ మార్పుల మీద 2019లో వచ్చిన పరి కథనం కోసం రాహుల్ కెమెరా దర్గా హొన్నూరు ఊరి పొలాల్లోకి వెళ్లింది. ఉప్పాడ తీరంలో ఇళ్లను సముద్రం మింగేస్తున్న తీరునూ ఆయన నమోదు చేశారు. ఆ పనంతా ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఆయన పేరు మీదే ఉంది. ఎవరు వెతికినా దొరుకుతుంది.

తమిళనాడు వైపు చూస్తే ఎం.పళనికుమార్ కనిపిస్తారు. చేపలమ్మే తల్లి బిడ్డ. మదురై ప్రాంతం నుంచి వచ్చారు. మురుగు గుంతల్లో ప్రాణాలు పోగొట్టుకుంటున్న పారిశుధ్య కార్మికుల జీవితాలను ఏళ్ల తరబడి తీశారు. 2017లో వచ్చిన ‘కక్కూస్’ డాక్యుమెంటరీకి ఛాయాగ్రాహకుడిగా పనిచేశారు. తర్వాత పరిలో చేరారు. ప్రముఖ ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ పరితో కలిసి నెలకొల్పిన డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ అవార్డు 2022లో మొట్టమొదట ఆయనకే దక్కింది. పళనికుమార్ పేరు చెబితే వెంటనే ఒక విషయం గుర్తుకొస్తుంది. అదే ఆయన చిరునామా.

మదనపల్లెకు నాలుగు గంటల ప్రయాణం కూడా లేని బెంగళూరులో ఆరతి కుమార్‌రావ్ ఉన్నారు. నదులు, ఎడారులు, తడి నేలల మీద ఏళ్లకేళ్లు తిరిగి, రాసి, తీసి సొంత వేదిక మీద పెడుతూ వచ్చారు. 2023లో ఆ పని ‘మార్జిన్‌ల్యాండ్స్’ పుస్తకమైంది. అదే ఏడాది బీబీసీ వంద మంది మహిళల జాబితాలో ఆమె పేరు చేరింది. హైదరాబాద్‌లో హర్ష వడ్లమాని స్వతంత్ర ఫొటో జర్నలిస్టుగా పనిచేస్తూనే ‘గల్లీ’ పేరుతో ఆన్‌లైన్ ఫొటో పత్రిక నడిపి, ఇతరుల పనికీ చోటిచ్చారు. తెలుగులో ఫొటోకూ మాటకూ పొత్తు కుదిర్చిన కందుకూరి రమేష్ బాబు ‘సామాన్యశాస్త్రం’ అంటూ దారిన పోయే మామూలు జనాన్నే తన విషయంగా ఎంచుకున్నారు. వీళ్లెవరూ అన్నీ తీయలేదు. ఒక విషయాన్ని పట్టుకుని వదల్లేదు.

ఇక్కడ పట్టుకోవడానికి విషయాలకు కొదవా? తంబళ్లపల్లె, పెద్దమండ్యం, ములకలచెరువు పల్లెల నుంచి బెంగళూరు పోయే వలస బతుకులున్నాయి. నీరుగట్టువారిపల్లెలో టమాటా యార్డుతో పాటే పట్టుచీరల మగ్గాల చప్పుడూ ఉంది. మల్లయ్యకొండ శివరాత్రికి ఒక్క రోజు వెళ్తే తిరునాళ్ల ఫొటో దొరుకుతుంది. ఏడాది పొడవునా వెళ్తే కొండనూ కొండ కింద ఊళ్లనూ కలిపిన కథ దొరుకుతుంది.

కుప్పం, పలమనేరు వైపు ఏనుగుల సంగతి మరీ పెద్దది. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి 1980లలో ఏనుగులు ఈ వైపు రావడం మొదలైంది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటి నుంచి పంటచేలకూ మందలకూ మధ్య తగవు తెగలేదు. 2025లో కర్ణాటక ఇచ్చిన కుంకీ (అడవి ఏనుగులను తరిమేందుకు శిక్షణ పొందిన) ఏనుగుల కోసం పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం వెలిసింది. తొక్కిన చేను, కందకం, సోలార్ కంచె, రాత్రి కాపలా, పరిహారం కాగితాలు, మావటీల దినచర్య... ఒక్క ఏనుగూ కనిపించకుండానే పది ఫొటోల కథ చెప్పొచ్చు. ఆ పది ఫొటోలూ ఒకే పేజీలో వరుసగా ఉంటే, రేపు ఏనుగుల వార్త వచ్చినప్పుడు ఫోన్ ఎవరికి వస్తుందో చెప్పనక్కర్లేదు.

నమ్మొచ్చా?

2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పొట్టి ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు వచ్చాయి. ఆ రోజు దేశమంతా పుంగనూరు జాతి గురించి మాట్లాడుకుంది. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో ఈ ఆవుల ఫొటోలకు గిరాకీ పెరిగింది. సరిగ్గా ఇక్కడే ఫొటో జర్నలిస్టుకు పరీక్ష.

పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మనిషి నిలబడి, వైడ్ లెన్స్‌తో పై నుంచి తీస్తే ఆవు కుక్కపిల్లంత కనిపిస్తుంది. నేలకు ఆనించినట్టు కింది నుంచి తీస్తే మామూలు ఆవంత కనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని, ఆవు కంటి ఎత్తులో కెమెరా పెట్టి, పక్కన దాన్ని మేపే మనిషిని నిలబెట్టి తీస్తే అసలు కొలత తెలుస్తుంది. మొదటిది వైరల్ కావచ్చు. పత్రికకు కావాల్సింది మూడోది. పోర్ట్‌ఫోలియోలో అలాంటి ఫొటోలే కనిపిస్తే ఎడిటర్‌కు సగం నమ్మకం కుదురుతుంది.

మిగతా సగం కుదిర్చేది ఫొటో కింది వ్యాఖ్య. ‘రైతన్న కన్నీరు’ అని రాస్తే అది శీర్షిక అవుతుంది, సమాచారం కాదు. ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు... ఇవన్నీ రెండు వాక్యాల్లో ఇమడాలి. మొదటి వాక్యంలో ఫొటోలో కళ్లకు కనిపించేది: ‘మదనపల్లె నీరుగట్టువారిపల్లె మార్కెట్ యార్డులో ఫలానా తేదీన వేలానికి ముందు టమాటాలను సైజుల వారీగా ఏరుతున్న ఫలానా కూలీ.’ రెండో వాక్యంలో కనిపించనిది: ఆమె ఏ ఊరి నుంచి వస్తుంది, రోజుకు ఎంత కూలి, ఆ రోజు క్రేట్ ధర ఎంత. పేరు, ఊరు, వయసు అక్కడికక్కడే అడిగి రాసుకోవాలి. ఇంటికొచ్చాక గుర్తు చేసుకుందామనుకుంటే తప్పులు దొర్లుతాయి.

ఈ క్రమశిక్షణ కొత్తదేమీ కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1844లో పుట్టి 1905లో పోయారు. ఆయన స్టూడియో ఫొటోల్లో అడుగున నంబరు, పేరు కనిపిస్తాయి. ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఉన్నాయి. వందేళ్లు దాటినా ఏది ఎవరిదో, ఎక్కడిదో పోల్చుకోవడానికి ఆ అలవాటు అక్కరకొచ్చింది.

ఇప్పుడు ఆ నంబరు ఫైల్ లోపలికి వెళ్లింది. ఐపీటీసీ అనే పద్ధతిలో ఫొటోగ్రాఫర్ పేరు, తేదీ, ఊరు, వ్యాఖ్య, కాపీరైట్ వివరాలను ఫొటో ఫైల్‌లోనే నింపొచ్చు. లైట్‌రూమ్‌లోనూ కొన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లలోనూ ఆ ఏర్పాటు ఉంది. మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫొటో కుదించుకుపోయి ఈ వివరాల్లో చాలావరకు రాలిపోతాయి. డాక్యుమెంట్ రూపంలోనో, ఈమెయిల్‌లోనో, డ్రైవ్ లింకుగానో పంపితే అవి నిలుస్తాయి. విలేకరి గ్రూపులో వాట్సాప్ ఫొటో పడేసి, మర్నాడు పేపర్‌లో పేరు లేదని బాధపడేవారు ముందు సరిచూసుకోవాల్సింది ఇదే.

దిద్దుబాట్ల విషయంలో ప్రపంచం ఎంత కఠినంగా ఉందో కూడా తెలియాలి. 2006లో బీరూట్ మీద పొగను ఎక్కువ చేసి చూపిన ఫ్రీలాన్సర్ అద్నాన్ హజ్ ఫొటోలు 920 దాకా రాయిటర్స్ తన భండారం నుంచి తొలగించింది. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరికి ముందు దశ చేరిన ఫొటోల్లో ఐదో వంతు, మార్పులు చేసిన కారణంగా పక్కకు వెళ్లాయి. వెలుతురు, రంగు కొద్దిగా సరిచేయడం వేరు, కరెంటు తీగ చెరిపేయడం వేరు. కృత్రిమ మేధ బొమ్మలు వెల్లువెత్తిన ఈ కాలంలో అసలు ఫైల్‌ను దాచుకోవడం ఇంకా ముఖ్యం. ఎడిటర్ అడిగిన వెంటనే కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైల్ పంపగలగాలి.

దాచడానికీ ఒక పద్ధతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన 3-2-1 సూత్రం ప్రకారం ప్రతి ఫొటోకూ మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటి బయట. ఒక హార్డ్ డిస్క్, ఒక ల్యాప్‌టాప్, ఒక క్లౌడ్ ఖాతా ఉంటే సరిపోతుంది.

పెట్టకూడనివి

అన్నీ పెట్టడమే ధైర్యం అనుకునేవారు చట్టాన్ని ఒకసారి చూసుకోవాలి. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ ప్రకారం నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అడ్డుగోడలా ఉన్నాయి. ముఖం మసక చేసి, వెనక బడి బోర్డో, ఇంటి నంబరో, అమ్మానాన్నల ముఖాలో వదిలేస్తే గుర్తింపు బయటపెట్టినట్టే.

ఫోన్‌తో తీసిన ఫొటోలో జీపీఎస్ స్థానం కూడా ఉండొచ్చు. ఫిర్యాదు చేసిన మనిషి ఇల్లు, ఏనుగుల మంద ఆ రోజు ఉన్న చోటు అలా బయటికి పోకూడదు. వెబ్‌సైట్‌లో పెట్టే ముందు స్థాన వివరాలు తీసేసి, ఊరి పేరు వరకే వ్యాఖ్యలో రాయాలి. ఫొటోగ్రాఫర్ సొంత భద్రతకూ ఇదే నియమం. 2024 ఫిబ్రవరిలో రాప్తాడు రాజకీయ సభలో ఒక తెలుగు దినపత్రిక ఫొటోగ్రాఫర్ మీద దాడి జరిగింది. ఇంటి చిరునామా సైట్‌లో పెట్టకుండా, పని కోసం వేరే ఫోన్ నంబరు, వేరే ఈమెయిల్ వాడటం మంచిది. సభ నుంచి లైవ్ లొకేషన్ పెట్టే సరదాకు సెలవు చెప్పాలి.

హక్కు ఎవరిది, డబ్బు ఎవరిది?

ఆన్‌లైన్‌లో పేరు వచ్చిన మరుక్షణం వచ్చే మెసేజ్ ఒకటుంటుంది: ‘ఫొటో బాగుంది, మీ పేరు వేసి వాడుకుంటాం.’ డబ్బు మాట ఉండదు. ఏం జవాబివ్వాలో తెలియాలంటే 1957 కాపీరైట్ చట్టం కాస్త తెలియాలి.

ఆ చట్టం ప్రకారం ఫొటో తీసినవారే దాని కర్త. ఎవరూ పురమాయించకుండా సొంతంగా తీసిన ఫొటో మీద హక్కు వారిదే. పత్రికలో ఉద్యోగిగా తీస్తే, పత్రికల్లో ప్రచురణ వరకు హక్కు యాజమాన్యానిది. డబ్బిచ్చి ఎవరైనా తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ హక్కు తీయించుకున్నవారిది. పెళ్లి ఫొటోల్లో జరిగేది అదే. అందుకే పత్రిక నుంచో, సంస్థ నుంచో పని వచ్చినప్పుడు హక్కు ఎవరి దగ్గర ఉంటుందో ముందే ఈమెయిల్‌లో తేల్చుకోవాలి. హక్కు అమ్మేసినా కర్తగా పేరు అడిగే నైతిక హక్కు 57వ సెక్షన్ కింద మిగులుతుంది.

ఫొటో ప్రచురితమైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు దాని మీద కాపీరైట్ ఉంటుంది. టమాటా ధర ఆకాశాన్నంటిన 2023లో తొలిసారి అచ్చయిన ఫొటో మీద హక్కు 2083 డిసెంబరు 31 దాకా ఉంటుంది. ఎవరైనా అడగకుండా వాడుకున్నారేమోనని గూగుల్ లెన్స్‌లో తన ఫొటోను తానే అప్పుడప్పుడూ వెతికి చూసుకోవచ్చు. దొరికితే తగాదాకు దిగే ముందు ప్రచురించిన పేజీ స్క్రీన్‌షాట్, తేదీ, అసలు ఫైల్ పక్కన పెట్టుకుని, మర్యాదగా ఒక ఈమెయిల్, దానితో పాటే ఒక బిల్లు పంపడం వృత్తిలో ఉన్నవారు చేసే పని.

అనుమతి ఇచ్చేటప్పుడు నాలుగు వాక్యాలు చాలు. ఏ ఫొటో, ఏ పత్రికలో, ఎన్నిసార్లు, ఎంతకు. ‘ఒకసారి ప్రచురణకు మాత్రమే’ అని రాస్తే, రేపు అదే ఫొటో క్యాలెండర్ మీద కనిపించినప్పుడు అడగడానికి ఆధారం ఉంటుంది. కింద పేరు ఎలా వేయాలో అక్షరాలతో సహా రాయాలి, ఇంటిపేరు పొడి అక్షరాలతోనా, పూర్తిగానా అన్నది కూడా. పాన్ నంబరు, బ్యాంకు వివరాలతో బిల్లు నమూనా ఒకటి ముందే తయారుగా ఉంటే, ఫొటో అచ్చయిన రోజే పంపేయొచ్చు. ఆలస్యం చేసిన కొద్దీ ఆ నెల లెక్కలు మూసేశామనే జవాబు వస్తుంది.